ఇంట్లో ఎవరూ లేరండి

"అమ్మాయ్, ఆ బొమ్మలాట కాసేపు ఆపి పొయ్యి మీద పులుసు చూడు," అని అత్తగారు సుభద్రమ్మ పెరట్లోంచి కేకేశారు. బొమ్మలాటంటే కీర్తిప్రియ ఉద్యోగం. వరదలొచ్చినప్పుడు ఇల్లిల్లూ తిరిగి, ఎవరికేం సాయం కావాలో రాసుకునే గ్రామ సిబ్బందికి ఆ పని నేర్పే వీడియో పాఠాలు తయారుచేస్తుంది. చుట్టాల్లో ఆ మాటొస్తే చాలు, భర్త సాయికిరణ్ "గవర్నమెంటుకే పాఠాలు చెప్తుందండి మా ఆవిడ, పప్పులో ఉప్పు మాత్రం మర్చిపోద్ది," అని అందర్నీ నవ్విస్తాడు. ఆమే ముందు నవ్వేది. నవ్వకపోతే మొహం మాడ్చుకుందంటారు మరి.

ఇవాళ నవ్వే ఓపిక లేదు. పొద్దున్నే ఆఫీసు నుంచి సత్యవాణిగారు ఫోన్ చేసి కడిగేశారు. "మీ పాఠం చూస్తూ సగంమంది కునికిపాట్లు పడ్డారండీ. అన్నీ రూల్సే, మనుషులేరి? రేపు రాజమండ్రిలో ఆఫీసర్ల ముందు మీరే వచ్చి చూపించాలి. కుదరదంటే చెప్పేయండి, ఇంకొకరికి ఇచ్చేస్తాను." అప్పట్నుంచీ కాలు నిలవడం లేదు. ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే పులుసు గుర్తొస్తుంది, పులుసు దగ్గర నిలబడితే పాఠం. ఈ పని కూడా పోతే ఈ ఇంట్లో తనదని చెప్పుకోడానికి ఏం మిగిలింది, పెళ్ళికి పెట్టిన బీరువా తప్ప?

వీధి గుమ్మంలో ఎవరో గొంతు సవరించుకున్నారు. రొయ్యల చెరువు మోటారు బాగుచేసే మనిషి. "ఇంట్లో ఎవరూ లేరాండీ?"

"ఎవరూ లేరండి," అంది కీర్తిప్రియ తలుపు చాటునుంచి, గరిటె చేత్తో పట్టుకునే. అతను సరేనని వెళ్ళిపోయాడు.

ఆమె మాత్రం అక్కడే నిలబడిపోయింది. ఎవరూ లేకపోవడమేమిటి? తనుంది. పెరట్లో అత్తగారున్నారు. అడిగినవాడికీ అనుమానం రాలేదు, చెప్పినదానికీ రాలేదు. ఛీ, ఎంత అలవాటైపోయింది. రేపు వరదలో వివరాలు రాసేవాడికీ ఇదే జవాబిస్తే, ఎవరూ లేరని రాసుకుని పక్కింటికి పోడూ?

పులుసు మాడు వాసనొస్తున్నా ల్యాప్‌టాప్ ముందునుంచి లేవలేదు. తెర మీద తలుపు బొమ్మ గీసింది, దాని బయట కాగితాలు పట్టుకుని అడుగుతున్న మనిషిని, వెనక గరిటె పట్టుకున్న ఆడమనిషిని గీసింది. తిట్టడానికే వచ్చిన సుభద్రమ్మగారు ఆ బొమ్మ దగ్గర ఆగిపోయారు.

"ఎవరూ లేరండీ అంటందా ఇది?" అన్నారు. "గోదారొచ్చిన ఏడు మా పుట్టింట్లోనూ అంతేనే. మగాళ్ళంతా గట్టు మీదున్నారు. పడవోళ్ళొచ్చి ఇంట్లో ఎవరూ లేరా అని అరిచారు. లేరండి అంది మా అమ్మ. పడవెళ్ళిపోయింది. పొద్దుగూకేదాకా ఆడాళ్ళమంతా అటక మీదే." నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు. "అదీ పెట్టు అందులో," అని పొయ్యి కట్టేయడానికి ఆవిడే వెళ్ళారు.

మర్నాడు తెల్లారేసరికి కీర్తిప్రియ తయారై సంచి భుజాన వేసుకుంది. సాయికిరణ్ వాలుకుర్చీలో ఫోన్ చూసుకుంటూ, తలెత్తకుండానే అన్నాడు. "మెయిల్లో పంపితే పోయేదానికి ఈ ఊరేగింపేంటి? నువ్వెళ్ళిపోతే ఇంట్లో ఎవరుంటారు?"

ఆమె గుమ్మం దిగి చెప్పులేసుకుంది. వెనక్కి తిరిగి, బయటివాళ్ళు పిలిచినంత మర్యాదగా, అత్తగారికి కూడా వినపడేలా అడిగింది.

"ఇంట్లో మీరు లేరాండీ?"