చిమ్మిలి బరువు

పాపాయి పొద్దున్నే డాబా మీద చాప పరిచి నువ్వులు ఆరబోస్తుంది. ముందురోజు నానబెట్టి, గోనెపట్టా మీద రుద్ది, పొట్టు పోయేదాకా కడిగిన నువ్వులు. వాటి మీద కాకి వాలకూడదు, కోడలు సాయిసుధ తడిచేత్తో తాకకూడదు, పక్కింటివాళ్ళు దుప్పట్లు దులపకూడదు. కొవ్వూరులో ఆ వీధివాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. తెలియనివాళ్ళెవరైనా ఉంటే పాపాయి డాబా మీంచే తెలియజేస్తుంది.

నువ్వులు గలగలమన్నాక కిందికి తెచ్చి, రోట్లో పోసి, బెల్లం తరిగి వేసి దంచుతుంది. పొయ్యి అక్కర్లేదు, నెయ్యి అక్కర్లేదు, నీటిచుక్క అసలు తగలకూడదు. మిక్సీలో తిప్పితే ఆ వేడికి నువ్వు నూనె కక్కేస్తుంది. దాన్ని కూడా జనం చిమ్మిలి అంటున్నారు, అననీ. రోకలి కింద నలిగిందే చిమ్మిలి. ఊళ్ళు తిరిగినా, ఎండలో మోసినా దాని వాసన మారదు.

పాపాయి చేతి చిమ్మిలికి బరువు కూడా ఆవిడ మనసుని బట్టే ఉంటుంది. మనసు బాగున్న రోజున దంచిన ఉండలు దూదిపింజల్లా ఉంటాయి. మరీ బాగుంటే డబ్బా మూత తీయగానే పైకి లేచి దూలానికి అంటుకుంటాయి. ఎవరి మీదైనా కోపంగా ఉండి దంచితే అవే ఉండలు తూకంరాళ్ళలా దిగబడతాయి. ఆవిడ చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళ్ళాక ఇక ఆ బరువు మారదు. రుచి మాత్రం రెండింటిదీ ఒకటే. సాయిసుధ కాపరానికొచ్చిన కొత్తలోనే తేలిక ఉండల డబ్బాకి మూత మీంచి దారం కట్టడం, గాలివాన వచ్చినప్పుడు పెరట్లో రేకుల మీద బరువు ఉండలు పెట్టడం నేర్చుకుంది. చిమ్మిలి కోసం వచ్చే ఆడవాళ్ళు గుమ్మం దగ్గరే ఆగి, "ఇవాళ మీ అత్తగారు ఎలా ఉన్నారమ్మా?" అని అడిగి లోపలికి వచ్చేవారు.

పాపాయి తండ్రి వెంకటరత్నం గారిది బెల్లం, చింతపండు వ్యాపారం. పోలవరం మీదుగా లాంచీలో పైకి వెళ్ళి, మన్యంలో సంతలన్నీ తిరిగి వచ్చేవారు. దారిలో పొయ్యి పెట్టుకునే వీలుండేది కాదు. చిమ్మిలి ఉండలు, బెల్లం కొబ్బరి కలిపిన అటుకులు, మామిడి తాండ్ర చుట్ట, ఇవే ఆయన మూట. ఆ మూట కట్టే పని ఇంటి ఆడపడుచుది. ఆడపడుచు చేతి మూట లేకుండా ఆ ఇంట్లో ఎవరూ దూరప్రయాణం పెట్టుకోలేదు. మేనత్త పెళ్ళయి వెళ్ళిపోయాక ఆ రోకలి పాపాయి చేతికి వచ్చింది. అప్పటికి పాపాయి ఎత్తు రోకలిలో సగం లేదు.

రేవులో లాంచీ కదిలేటప్పుడు నాన్న ఆ మూటని చిటికెనవేలికి తగిలించుకుని ఊపేవారు. అంత తేలిగ్గా ఉండేది. డీజిల్ పొగ, తడిసిన తాళ్ళ వాసన, ఒడ్డున నిలబడి "నాకూ, నాకూ" అని ఏడ్చే తమ్ముడు జగన్నాథం. వాడి ఏడుపు మాన్పడానికి పాపాయి ఒక ఉండ చొక్కా జేబులో వేసేది. ఆ జేబు గాల్లోకి లేచి వాడి గడ్డానికి తగిలేది. వాడు ఏడుపు మర్చిపోయి నవ్వేవాడు.

ఆ తమ్ముడే పెద్దవాడై, జగన్నాథరావు గారై, గోదావరికి అవతల రాజమండ్రిలో కొట్టు పెట్టుకున్నాడు. పుష్కరాలు వెళ్ళిన మరుసటేడు పెళ్ళాంతో కాశీ ప్రయాణం కట్టాడు. పాపాయి చేతులు బొబ్బలెక్కేలా దంచి, మూట కట్టుకుని వంతెన దాటి స్టేషన్‌కి వెళ్ళింది. రైలు కిటికీలోంచి మరదలు, "అయ్యో వదినగారూ, దారికి బిస్కెట్లూ చిప్సూ కొనేసుకున్నామండీ. ఇంక పెట్టడానికి చోటెక్కడుంది?" అంది.

జగన్నాథరావు ఏమీ అనలేదు. కిటికీ ఊచ పట్టుకుని ప్లాట్‌ఫారం వంక చూస్తూ కూర్చున్నాడు. రైలు వెళ్ళిపోయింది. వచ్చేటప్పుడు వేలికి తగిలించుకొచ్చిన మూటని మెట్లు దింపడానికి ఇద్దరు కూలీలు పట్టారు.

ఆ తర్వాత మరదలు పోయిన రోజున ఒక్కసారి పాపాయి వంతెన దాటింది. చూసింది, స్నానం చేసింది, తిరిగొచ్చేసింది. తమ్ముడితో మాట్లాడలేదు.

వానలు అప్పుడే మొదలైన రోజుల్లో ఒక పొద్దున, వీపున పెద్ద సంచీ తగిలించుకుని ఒక పిల్ల గుమ్మంలో నిలబడింది.

"ఎవరమ్మా నువ్వు?" తెలిసే అడిగింది పాపాయి.

"నేను మామ్మా, దేవిశ్రీని. మీ తమ్ముడి మనవరాలిని."

"నాకు తమ్ముడున్నాడా! సాయిసుధా, నీకేమైనా తెలుసా?"

"పొయ్యి మీద పాలున్నాయత్తయ్యా" అని సాయిసుధ వంటింట్లోకి జారుకుంది.

దేవిశ్రీ సంచీ దించి, అడగకుండానే రోలు పక్కన చతికిలబడింది. కాలేజీ ట్రెక్కింగ్ క్లబ్ వాళ్ళు మారేడుమిల్లి అవతల కొండల్లోకి వెళ్తున్నారట. మూడు రోజులు నడక. "అడవిలో నిప్పు వెలిగించకూడదు మామ్మా. ఎవరి తిండి వాళ్ళే మోసుకెళ్ళాలి. వండక్కర్లేనిది, పాడవనిది, నడుస్తూ తినేది అయ్యుండాలి."

"అవేవో ఓట్సు బిళ్ళలు అమ్ముతారుగా. కొనుక్కోవడం మీ ఇంట్లో అలవాటేగా."

దేవిశ్రీ నవ్వలేదు. "రెండేళ్ళ నుంచి బతిమాలుతున్నాను. ఇప్పటికి తాతయ్య సరేనన్నారు. అదీ ‘మా అక్క చేతి మూట ఉంటేనే’ అన్నారు. లేకపోతే గుమ్మం దాటనివ్వరట."

"ఆ మాట వాడొచ్చి అడగలేడా?"

"వచ్చారు మామ్మా. సందు చివర ఆటోలో కూర్చున్నారు. దిగనంటున్నారు."

పాపాయి కిటికీ దగ్గరికి వెళ్ళి చూసింది. ఆటోలోంచి ఒక బట్టతల బయటికొచ్చి, ఆవిడని చూడగానే లోపలికి పోయింది.

"ముసలాడైపోయాడు" అంది పాపాయి. "బాగానే అయింది."

అయినా రోలు తుడిచింది. పిల్ల మీద కోపం ఎందుకు? పిల్ల వచ్చి అడిగింది. అడిగినవాళ్ళకి పాపాయి ఎప్పుడూ లేదనలేదు.

"బ్యాగు తేలిగ్గా ఉండాలి మామ్మా. కొండ ఎక్కాలి కదా."

"నాకు చెబుతున్నావా? మీ ముత్తాత మూట వేలికి తగిలించుకునేవాడు."

ఖర్జూరం గింజలు తీసి, జీడిపప్పుతో కలిపి దంచింది. అటుకుల్లో ఎండుకొబ్బరి, బెల్లం కలిపింది. దేవిశ్రీ అటుకులు చెరుగుతానని సగం నేలపాలు చేసింది. "చేటతో చెరగమ్మా, బంతాట ఆడకు" అని పాపాయి తిట్టింది కానీ ఆవిడకి సంతోషంగానే ఉంది. ఇంట్లో ఎవరో ప్రయాణం పెట్టుకుని, రోలు పక్కన కూర్చుని తొందరపెట్టి ఎన్నాళ్ళయిందో. చిమ్మిలి మొదటి వాయి దంచి ఉండలు కట్టేసరికి అవి పళ్ళెంలోంచి లేవబోయాయి. దేవిశ్రీ కిలకిలా నవ్వుతూ రెండు చేతులతో అదిమి పట్టుకుని డబ్బాలో వేసి మూత పెట్టింది.

రెండో వాయి పోసేసరికి సందు చివరి నుంచి దగ్గు వినిపించింది.

ఆ దగ్గు పాపాయికి తెలుసు. మాట్లాడాల్సిన చోట మాట్లాడకుండా తప్పించుకోవడానికి జగన్నాథం చిన్నప్పుడు దగ్గే దగ్గు అది. ఇంతదూరం వచ్చినవాడికి నాలుగడుగులు నడవడానికి కాళ్ళు లేవా? పాపాయి ఆ ఆలోచన పక్కకి నెట్టింది. నాన్నని తలుచుకుంది, లాంచీని తలుచుకుంది, రేవులో ఏడ్చే పిల్లాడిని తలుచుకుంది. ఆ పిల్లాడు చూస్తూ చూస్తూ ఉండగానే పెద్దవాడైపోయి రైలు కిటికీలో కూర్చున్నాడు. రోకలి ధన్‌మని దిగింది. గూట్లో గిన్నెలు కదిలాయి. ఆవిడ ఆపుదామనుకుంది, చెయ్యి ఆగలేదు.

ఉండలు కట్టి పళ్ళెంలో పెడితే పళ్ళెం సొట్టపోయింది.

సాయిసుధ వచ్చి చూసింది. "రేపు మళ్ళీ దంచుదాం అత్తయ్యా."

"రేపు తెల్లారకుండానే బస్సు అత్తా" అంది దేవిశ్రీ నెమ్మదిగా.

పాపాయి చేతులు దులుపుకుంది. "నా చేతిలోంచి వచ్చింది ఇదీ. మోస్తే మొయ్యి, లేకపోతే ఇక్కడే వదిలేసి పో. మీ వాళ్ళకి అదీ అలవాటే."

 దేవిశ్రీ ఒక్కొక్క ఉండనీ రెండు చేతులతో ఎత్తి సంచీ అడుగున పేర్చుకుంది. పట్టీల్లో చేతులు దూర్చి లేవబోతే లేవలేకపోయింది. పాపాయి వెనక్కి వెళ్ళి సంచీ కింద రెండు చేతులూ పెట్టి ఎత్తింది. పిల్ల నిలబడింది.

"వదిలెయ్యను మామ్మా" అంది.

ఆటో వెనకభాగం కిందికి కుంగింది. "ఏంటమ్మా ఇందులో, సన్నికల్లు గానీ తెచ్చావా?" అన్నాడు డ్రైవరు రాముడు. జగన్నాథరావు సంచీలో చెయ్యి పెట్టి ఒక ఉండ పైకి తీయబోయాడు. చెయ్యి ఒళ్ళోకి పడిపోయింది.

"ఇంకా ఇంత ఉందా" అన్నాడు. 

కొండ ఎక్కేటప్పుడు అందరికన్నా వెనక దేవిశ్రీయే. మెత్తటి దారిలో ఆమె అడుగులకి గుంటలు పడుతున్నాయి. క్లబ్ నాయకుడు లోకనాథ్ ఆగి ఆగి వెనక్కి చూశాడు. "ఏంటి దేవిశ్రీ, ఇల్లు కూడా తెచ్చుకున్నావా?"

"సగం పారెయ్యవే, చీమలైనా తింటాయి" అంది స్నేహితురాలు తబిత.

"మా మామ్మ కోపంలో దంచింది, అందుకే ఇంత బరువు. పారెయ్యను."

మొదటి రోజు తేలిక ఉండలు అందరూ తినేశారు. బరువువి అడుగునే ఉన్నాయి. ఆ రాత్రి ఆమె భుజాలు వాచాయి. తబిత కొబ్బరినూనె రాస్తూ తిట్టింది.

రెండో రోజు ఒక కొండవాగు దాటాలి. మోకాలి లోతు నీళ్ళు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దిగారు. లోకనాథ్ ముందు, మధ్యలో దేవిశ్రీ, వెనక తబిత. మిగతావాళ్ళు ఇంకా ఒడ్డునే ఉన్నారు. పైన కొండ మీద ఎప్పుడు కురిసిందో ఏమో, మలుపులోంచి ఎర్రటి నీళ్ళు గోడలా వచ్చి పడ్డాయి. లోకనాథ్ కాళ్ళు లేచిపోయాయి. అతని సంచీ ఊడి కొట్టుకుపోయింది. చేతికి దొరికిన దేవిశ్రీ సంచీ పట్టీని పట్టుకున్నాడు. తబిత దేవిశ్రీ నడుము పట్టుకుంది. నీళ్ళు ఛాతీ దాకా వచ్చాయి.

దేవిశ్రీ కదల్లేదు. కదలడం ఆమె చేతిలోనూ లేదు. సంచీ అడుగున పాపాయి చిమ్మిలి కూర్చుని ఉంది. నీళ్ళు తోశాయి, చెట్టుకొమ్మల్ని తెచ్చి విసిరాయి, చివరికి వంతెన స్తంభాన్ని చుట్టుకుపోయినట్టు ఆ పిల్లని చుట్టుకుని పోయాయి. ఆమెని పట్టుకున్న ఇద్దరూ అలాగే వేలాడుతూ ఉన్నారు.

కొండవాగు వచ్చినంత తొందరగానే దిగిపోయింది. ముగ్గురూ మిగతావాళ్ళున్న ఒడ్డెక్కి, రాళ్ళ మీద పడి, ఊపిరి తీసుకున్నారు. తడవకుండా ఉంటాయని వాగు దాటేముందు అందరి బిస్కెట్లూ లోకనాథ్ సంచీలోనే పెట్టారు. అవి పోయాయి. దేవిశ్రీ చిమ్మిలి తీసి రాయితో పగలగొట్టి అందరికీ పంచింది. నోట్లో పడ్డాక తీపే తప్ప బరువేమీ తెలియలేదు.

రెండో ముక్క తిన్నాక లోకనాథ్‌కి మాట వచ్చింది. "మీ మామ్మ గారికి ఎవరి మీద కోపం?"

"మా తాతయ్య మీద."

"ఊరెళ్ళాక ఆయనకి ఒక దణ్ణం పెట్టుకోవాలి."

దేవిశ్రీ ఇల్లు చేరిన మర్నాడు ఆటో సందు చివర ఆగలేదు. పాపాయి గుమ్మం ముందే ఆగింది. జగన్నాథరావు దిగి, చెప్పులు విడిచి, లోపలికొచ్చి రోలు దగ్గర నిలబడ్డాడు.

"అక్కా, పిల్ల వచ్చేసింది."

"తెలుసు. సాయిసుధకి ఫోన్ చేసింది."

"వాగులో నీ మూటే నిలబెట్టిందట."

"నా మూట ఎప్పుడైనా నిలబెడుతుంది. పట్టుకెళ్ళేవాళ్ళుండాలి."

జగన్నాథరావు పీట లాక్కుని కూర్చున్నాడు. దగ్గు వస్తుంటే మింగేశాడు. "ఆ రోజు స్టేషన్లో నేను ఏదో ఒకటి అనాల్సింది."

"ఏమనేవాడివి?"

"ఇప్పటికీ తెలియట్లేదక్కా."

పాపాయి నువ్వుల్లో రాళ్ళు ఏరుతూనే ఉంది.

"ఇంకా కోపంగానే ఉన్నావా?"

"ఉన్నాను."

జగన్నాథరావు తల ఊపాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "దసరా సెలవులకి మళ్ళీ కొండెక్కుతుందట. నువ్విలాగే ఉండక్కా. కాస్తయినా ఉంచుకో."

పొద్దెక్కింది, పాపాయి భోజనానికి ఉండమనీ అనలేదు, వెళ్ళమనీ అనలేదు. సాయిసుధ ఇద్దరికీ ఎదురెదురుగా అరిటాకులు వేసింది. ఆ పూట వంకాయ కూర పాపాయి తనే వండింది. జగన్నాథరావు అన్నంలో కలుపుకుని, ఒక ముద్ద తిని, "ఉప్పు కొంచెం తగ్గిందక్కా" అన్నాడు.

పాపాయి అతని ఆకులో ఇంకాస్త కూర వేసింది. ఆ మాట మాత్రం దసరాకని జాగ్రత్తగా మనసులో పెట్టుకుంది.