జ్ఞానమ్మ నడక

కథ అచ్చయిన ఆదివారం వర్షిణి టీచరు కాలు నేల మీద నిలవలేదంటే నమ్మాలి. మరి నిలుస్తుందా? పదకొండు కథలు తిప్పి పంపిన పత్రిక పన్నెండోది వేసుకుంది. రాజమండ్రిలో కథల శిక్షణకు వెళ్ళినప్పుడు అక్కడి పెద్దాయన చెప్పిన మాట పట్టుకుని రాసిన కథ అది. "పొడుగు, పొట్టి, చామనచాయ అని రాయకమ్మా. మనిషి ఎలా కదులుతాడో రాయి. తక్కినదంతా చదివేవాడికి అదే కనపడుతుంది" అన్నాడాయన.

నరసాపురం తిరిగొచ్చాక ఆమె కంట పడింది ఎదురింటి జ్ఞానమ్మ. అరవై దాటిన మనిషి, లేసు అల్లుతుంది. ప్రతి శనివారం అల్లిన లేసు సంచిలో పెట్టుకుని దాన్ని కొనే ఏజెంటు ఇంటికి నడిచి వెళుతుంది. వర్షిణి కిటికీ దగ్గర కూర్చుని నాలుగు శనివారాలు చూసింది. కుడికాలు వేసేముందు నడుం ఎడమకు ఒరగడం, మోచేతులు రెండూ జనాన్ని తోసుకెళుతున్నట్టు ఆడడం. అన్నిటికన్నా, ఇరవై అడుగులకోసారి ఆగి, చెక్కుచెదరని కుచ్చిళ్ళను సర్దుకోవడం. మోకాలి నొప్పి ఎవరికీ తెలియకూడదని ఆ నాటకం. అదంతా పొల్లుపోకుండా రాసి, పేరు మాత్రం సూరమ్మ అని మార్చింది. పేరు మారిస్తే చాలనుకుంది, పిచ్చిది!

సోమవారానికల్లా వీధి వీధంతా పోల్చేసింది. టీకొట్టు బుల్లిరాజు ఆ పేజీ కత్తిరించి గోడకు అంటించాడు. "మన జ్ఞానమ్మేనండి! అచ్చుగుద్దినట్టు దింపేశారండి బాబూ!" అన్నాడు. వర్షిణి పొంగిపోయింది. శనివారం జ్ఞానమ్మ ఎప్పటిలాగే ఆగి కుచ్చిళ్ళ మీద చెయ్యి వేసిందో లేదో, కొట్టు దగ్గరి వాళ్ళు "మోకాలు పట్టేసిందేంటి పిన్నీ?" అని కేకేశారు. వెక్కిరింతేం కాదు, ఇద్దరు కుర్చీ కూడా తెచ్చారు. ఆమె కూర్చోలేదు. సంచితో ఇంటికి తిరిగి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మూడు వారాలు గుమ్మం దాటలేదు, ఆదివారం చర్చికి కూడా.

వర్షిణి గోడ మీది కాగితం చింపించింది. ఫోన్లలో తిరుగుతున్నదాన్ని ఏం చేస్తుంది? చదివిన కళ్ళను ఏం చేస్తుంది? ఆఖరికి సిగ్గు చంపుకుని వెళ్ళింది. జ్ఞానమ్మ మంచం మీద కూర్చుని ఉంది.

"తప్పయిపోయిందండి, జ్ఞానమ్మగారూ."

"అయ్యో, తప్పేంటి టీచరుగారూ! మా కోడలు చదివి వినిపించింది. ఉన్నదే రాశారు." జ్ఞానమ్మ చెయ్యి కుచ్చిళ్ళ మీదికి వెళ్ళి ఆగిపోయింది. "నేనెలా నడుస్తానో ఇన్నేళ్ళూ నాకే తెలీదండి. ఇప్పుడు కాలు కింద పెడితే చాలు, మీరు రాసిందే కళ్ళ ముందుకొస్తుంది. నడుం ఒరగకూడదనుకుంటే కాలు పడదు. ఒరిగితే అందరూ చూస్తున్నట్టుంటుంది. మరి ఎలా నడవమంటారు? మీరే చెప్పండి."

ఆమె నిజంగానే అడుగుతోంది. వర్షిణి మంచం పక్కనున్న లేసు సంచి అందుకోబోయింది.

"సంచి ఇలా ఇవ్వండి, ఏజెంటుకు నేనిచ్చొస్తాను" అంది.

"వద్దండి."

"పోనీ లేవండి, చెయ్యి పట్టుకుంటాను."

"మీరెళ్ళండమ్మా. స్టవ్ మీద పాలున్నాయి, నేను లేవాలి. మీరు చూస్తుంటే లేవలేను."

వర్షిణి గడప దాటి, వెనక్కి చూడకుండా మెట్లు దిగింది. లోపల మంచం కిర్రుమంది. ఒక అడుగు, చాలాసేపటికి ఇంకో అడుగు, మధ్యలో కాలు ఈడ్చిన చప్పుడు. వద్దు వద్దనుకుంటూనే ఆ చప్పుడుకు సరిపోయే మాట వెతుకుతోంది ఆమె బుర్ర. వర్షిణి రెండు చెవులూ మూసుకుంది. అప్పటికే మాట దొరికేసింది.