చెంప వాచిన టైరు

నేను ఒక కారు టైరును. రబ్బరు చెట్ల పాలు, నల్లటి మసి, ఉక్కు తీగలు కలిపి, వేడి అచ్చులో ఉడికించి నన్ను తీశారు. పుట్టినప్పుడు ఒంటినిండా సన్నటి రబ్బరు వెంట్రుకలుండేవి.

నన్ను రాజోలు సన్నాయి విద్వాంసుడు గోవిందరాజు గారి కొత్త కారుకి ఎడమవైపు ముందు చక్రంగా బిగించారు. నా ముందు కొబ్బరికాయ కొట్టారు, కింద నిమ్మకాయ పెట్టి తొక్కించారు. ఆ తర్వాత నా మొహం చూసినవాళ్లు లేరు.

గోవిందరాజు గారు మంచివాడే. రోజూ కారు ఒళ్లు తుడిచేవాడు, అద్దాలు మెరిపించేవాడు. సన్నాయిలో ఊదే గాలి పిసరంత తేడా పడితే కనిపెట్టే మనిషి, నాలో గాలి సగానికి దిగినా కనిపెట్టలేదు. వెనక డోలు వాళ్లని కూర్చోబెట్టుకుని పెళ్లి పెళ్లికీ తిరుగుతుంటే నా అంచులు అరిగిపోసాగాయి.

ఒకసారి అమలాపురం నుంచి వానలో వస్తున్నాం. కాలువ గట్టు మీద గేదె అడ్డొచ్చింది. ఆయన బ్రేకు తొక్కాడు. ఆగుదామని నేనెంత ప్రయత్నించినా రోడ్డు మీద పట్టు చిక్కలేదు. జారుకుంటూ పోయి గట్టు రాయికి ఆనుకుని ఆగాం. కింద కాలువ నిండుగా పారుతోంది. పక్కనే కూర్చున్న ఆయన భార్య మంగతాయారు దిగి, అరిగిన నా అంచుల్ని తడిమి చూసింది.

ఇల్లు చేరాక ఆయన తాళాలు ఆవిడ చేతిలో పెట్టాడు. "ఈ చేతులు సన్నాయికే తాయారూ. బండి నువ్వే తోలు."

ఆవిడ అప్పటికే డ్రైవింగు నేర్చుకుంది. అక్కణ్ణుంచి నా బతుకు మారింది. పొద్దున్నే, నేను వేడెక్కకముందే, బంకుకి తీసుకెళ్లి, కారు తలుపు పక్కన రాసినంత గాలి కొట్టించేది. డిక్కీలో పడుకున్న స్టెప్నీని కూడా మరిచేది కాదు. నా గాడుల్లో ఇరుక్కున్న రాళ్లు పుల్లతో తీసేది. ముందు చక్రాలు వెనక్కీ, వెనకవి ముందుకీ మార్పించేది. ఆయన నవ్వితే, "మనల్ని మోసేది ఆ రంగు కాదండీ, ఇవి" అనేది.

ఒకనాడు పెళ్లికి బయల్దేరుతున్నారు. పెళ్లికూతురు అప్పన్న కూతురు. అప్పన్న ఏళ్ల తరబడి గోవిందరాజు గారి పక్కన డోలు వాయించి, ఆ మధ్యే పోయాడు. "నీ పిల్ల పెళ్లికి నేనే వాయిస్తా" అని ఈయన మాటిచ్చాడు.

తాయారు అలవాటుగా నన్ను తడిమింది. ముందు రోజు గోతిలో పడ్డప్పుడు నా పక్కభాగంలో బొడిపె లేచింది.

"ఏవండీ, దీని చెంప వాచింది."

"పన్ను నొప్పేమోలే. పద, ముహూర్తం దగ్గర పడింది."

"నవ్వులాట కాదు. లోపల తాళ్లు తెగితేనే ఇలా ఉబ్బుతుంది. దారిలో పేలితే బండి నా మాట వినదు."

"ఈ ఒక్క పూటకీ నెమ్మదిగా పోనియ్. మేళం లేకుండా ఆ పిల్ల మెళ్లో తాళి ఎలా పడుతుంది? అప్పన్నకి ఏం చెప్పుకోను?"

"అందుకే అంటున్నా. ఆ పిల్ల పెళ్లికి మనం మిగిలి వెళ్లాలి కదండీ."

ఆయన సన్నాయి సీట్లో పెట్టాడు. తర్వాత పట్టుపంచె ఎగ్గట్టి, తనే జాకీ తెచ్చి బురదలో మోకాళ్లూనాడు. నట్టు ఒకటి మొండికేస్తే స్పానరు మీద ఎక్కి నిలబడ్డాడు. నన్ను విప్పి, స్టెప్నీ ఎక్కించి, నన్ను డిక్కీలో పడుకోబెట్టారు.

పెళ్లివారి వీధికి వెళ్లేసరికి దారంతా బళ్లు. మైకులో మంత్రాల మధ్య, "మేళం ఏదయ్యా?" అని పంతులు గారి కేక. గోవిందరాజు గారు వీధి మొదట్లోనే దిగి, నడుస్తూ సన్నాయి అందుకున్నాడు. కారు దిగిన డోలు వాళ్లు వెనకే అందుకున్నారు. గట్టిమేళం పందిట్లోకి నడిచి వెళ్లింది.

తిరిగొచ్చేటప్పుడు తాయారు చెప్పింది: "మీ సన్నాయి వినగానే ఆ పిల్ల తలెత్తి చూసిందండీ. వాళ్ల నాన్న వచ్చాడనుకుందేమో."

ఆయన పంచె అంచు చూసుకున్నాడు. "ఈ పంచె మీద గ్రీజు మరక పోతుందా?"

"పోదు. ఉండనివ్వండి."

మర్నాడు టైర్ల కొట్లో, "దీన్ని బాగుచెయ్యలేరా?" అని ఆయనే అడిగాడు. పక్కన ఉబ్బితే ఏ అతుకూ నిలవదన్నాడు కొట్టాయన. ముందు చక్రాలకి కొత్త జత వేశారు. వెళ్లేముందు తాయారు నా మీద చెయ్యి వేసింది.

"దీన్ని మళ్లీ ఎవరి బండికీ ఎక్కించకండి. నా ఎదురుగా కొయ్యండి."

కొట్టాయన కత్తి తీశాడు. తెలియనివాళ్లెవరో నన్ను నమ్మి రోడ్డెక్కుతారన్న భయం ఆ గాటుతో పోయింది.

కొన్నాళ్లు పాత టైర్ల గుట్టలో ఉన్నాను. ఇప్పుడు అంతర్వేది దగ్గర పడవల రేవు గోడకి తాడుతో వేలాడుతున్నాను. పేలని టైరుకి చెప్పుకోవడానికి కథేముంటుందని పక్క టైర్లు అంటుంటాయి. నన్ను నమ్ముకున్నవాళ్లంతా ఇంటికి చేరారు. నాకది చాలు.

అదుగో, వేటకెళ్లిన పడవ వస్తోంది. గోడకి కొట్టుకోకుండా నా మీద ఆనాలి.