కోడలి ఆదివారం

జీతం మాట దగ్గర ఎవరికీ పేచీ రాలేదు. ఆదివారం సెలవు కావాలని గంగాభవాని అన్నప్పుడే ఇల్లంతా నోరు తెరిచింది.

అది రెండువేల మూడు, మాఘమాసం. నర్సీపట్నంలో వడ్రంగి నాగేంద్ర తల్లి రామాయమ్మకి పక్షవాతం వచ్చి ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి. చూసుకోవడానికి ఇద్దరు ఆయాలని పెట్టి చూశారు. మొదటామెని రామాయమ్మే తిట్టి తరిమింది. రెండో ఆమె తిట్లు తినకముందే వెళ్లిపోయింది, తెలివైన మనిషి. ఇక మిగిలింది కోడలు భవాని. ఆమె చూస్తే జీడిపిక్కల షెడ్డులో పనికి పోతోంది. ఆ డబ్బు రాకపోతే ఆ ఇంట్లో రెండు పూటలా పొయ్యి వెలగదు.

అప్పుడు నాతవరం నుంచి నాగేంద్ర అక్క పుష్పవతి దిగింది. తాండవ కాలువ కింద నాలుగెకరాల వరి ఉన్న మనిషి, మాటలో నాన్చుడు ఉండదు.

"నీకు షెడ్డోలు ఎంతిత్తన్నారో అది నానిత్తాను. మాయమ్మని నువ్వు సూడు," అంది.

"సూత్తాను వదినా. షెడ్డులో ఆదివారం సెలవు," అంది భవాని.

"ఇంట్లో సెలవేటే?"

"జీతం ఉన్నప్పుడు సెలవుండదేటి? ఆదివారం నువ్వొచ్చి సూసుకో. అలగైతేనే. లేదంటే నాను షెడ్డుకే పోతాను."

నాగేంద్ర అక్క మొహం చూసి, పెళ్లాం మొహం చూసి నీళ్లు నమిలాడు. పక్కింటి బుల్లమ్మ ముక్కున వేలేసుకుంది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు, పొద్దుగూకేసరికి వీధంతా అదే కబురు. మంచం మీది రామాయమ్మ మాత్రం మొహం గోడవైపు తిప్పుకుంది. మూడు రోజులు కోడలితో మాట్లాడలేదు.

వేరే దారి లేక పుష్పవతి ఒప్పుకుంది. పనిచేసే ఆరు రోజులూ భవానికి వంక పెట్టడానికి లేదు. పొద్దున్నే నూనె కాచి అత్త కాలూ చెయ్యీ రుద్దేది. వేళ తప్పకుండా పక్క మార్చేది. ఒంటికీ రెంటికీ అని నాగేంద్ర మధ్యలో కన్నం కోసి చేసిన కుర్చీ మీద నడుం పట్టి కూర్చోబెట్టేది, మళ్లీ ఎత్తి పడుకోబెట్టేది. రామాయమ్మ వీపు మీద ఒక్క పుండు లేవలేదు. తిట్లకి మాత్రం లోటు లేదు. నీళ్లు కాగిపోయాయనీ, చారులో ఉప్పు చాల్లేదనీ ఆవిడ రోజంతా సణిగేది. భవాని కూడా తక్కువ తినలేదు, మాటకి మాట అప్పజెప్పేది.

ఆదివారం వస్తే పుష్పవతి మొదటి షేర్ ఆటోకే దిగేది. వంటా, అమ్మా, కుర్చీ అన్నీ ఆవిడవే. భవాని తలంటుకుని అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చునేది. లోపల్నుంచి రామాయమ్మ అలవాటుగా "భవానీ!" అని కేకేస్తే, కూర్చున్న చోటు నుంచి కదలకుండా, "ఇయ్యాల ఆదివారం అత్తా, వదిన్ని పిలు," అనేది. మధ్యాహ్నం అరుగు మీదే నిద్రపోయేది. షెడ్డుకి సెలవైన ఆదివారాలు ఎప్పుడూ ఇంటి చాకిరీకే సరిపోయేవి. పెళ్లయిన పద్నాలుగేళ్లకి పగటి నిద్ర రుచి ఇప్పుడు తెలిసింది. తెలిశాక అది పోతుందేమోనని భయం కూడా పట్టుకుంది.

ఆ భయం ఊరికే పోలేదు. వానలు పడి కాలువకి నీళ్లొదిలారు. నాతవరంలో ఊడుపులు మొదలయ్యాయి. ఒక శనివారం సాయంత్రం ఆటోవాడి చేత పుష్పవతి కబురంపింది, ఈ ఆదివారం రాలేనని.

"ఇలగైతే నా వల్ల కాదు," అంది భవాని మొగుడితో. "మీ అక్క ఇలగే ఎగ్గొడితే నాను షెడ్డుకి పోతాను. ఇంకో ఆయాని ఎతుక్కోండి."

గోడకి చెవులుంటాయంటారు. ఆ ఇంట్లో గోడ పక్కన మంచం కూడా ఉంది.

మర్నాడు పొద్దున్నే భవాని మొహం ముడుచుకుని అత్త దగ్గరికి వెళ్లింది. రామాయమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకేటీ ఒద్దు. అరసవల్లి సూరినారాయణమూర్తికి మొక్కుకున్నాను, ఈ కాలు రావాలని. ఆదివారం ఒక్కపొద్దు. దీపాలెట్టినాక తింటాను. నువ్వు పో."

తిండి లేదు గనక కుర్చీ పనీ లేదు. వంట ఎలాగో నాగేంద్రే తంటాలు పడ్డాడు. భవానికి సెలవు సెలవుగానే దక్కింది. దేవుడు మంచివాడే అనుకుని అరుగు మీద నిద్రపోయింది.

తర్వాతి ఆదివారం పుష్పవతి తీరిక చేసుకుని వచ్చింది, నాటుకోడిని కూడా పట్టుకొచ్చింది. రామాయమ్మ ఎముక కూడా వదలకుండా తింది. ఆ పైన మళ్లీ రెండు వారాలు పుష్పవతి రాలేదు. రెండు వారాలూ రామాయమ్మకి ఒక్కపొద్దు.

ఆ రెండో ఆదివారం బుల్లమ్మ ముసలామెని పలకరించడానికి లోపలికి వెళ్లి, గబగబా అరుగు మీదికి వచ్చింది.

"ఏటే భవానీ, మీ అత్త పెదాలు అలగ పగిలిపోనాయి? నీళ్లియ్యలేదేటి?"

"ఒక్కపొద్దు పిన్నీ."

"ఒక్కపొద్దుకి నీళ్లు ఎవులొద్దన్నారే? ముప్పై ఏళ్ల నుంచి ఉంటన్నాను, నాను టీ కూడా తాగుతాను."

భవాని లేచి లోపలికి వెళ్లింది. మంచం పక్కన పెట్టిన చెంబు నిన్న సాయంత్రం నుంచి నిండుగానే ఉంది. అప్పుడు కోడి కూర గుర్తొచ్చింది. పుష్పవతి వస్తే కోడి, రాకపోతే ఒక్కపొద్దు. కోడి తిన్న ఆదివారం సూర్యుడు పొడవలేదా? చెంబు పట్టుకుని అత్త దగ్గర కూర్చుంది.

"మొక్కు లేదు, గిక్కు లేదు. తాగు."

"ఒద్దు."

"ఎందుకొద్దు?"

"తాగితే కుర్చీ కావాల. కుర్చీ అంటే నువ్వు రావాల. ఇయ్యాల ఆదివారం."

రామాయమ్మే మళ్లీ ఎండిన నాలికతో మెల్లగా చెప్పింది.

"నువ్వెల్లిపోతావని భయం కూడా ఉన్నాది, అబద్ధమెందుకు. కానీ అదొక్కటే కాదే. మాయత్త మంచాన పడితే పదకొండేళ్లు సేసేను. జీతం లేదు, సెలవు లేదు. అడగొచ్చని నాకు తెలీనే తెలీదు. ఆ రోజు నువ్వడిగేవు సూడు, మూడ్రోజులు నీతో మాటాడలేదు. నీ మీద కోపం అనుకున్నావు గావాల. నా బతుకు తలుసుకుని ఏడిసేను."

భవానికి ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే చెంబు అత్త పెదాల దగ్గర పెట్టింది.

"తాగత్తా. ఈ ఒక్క రోజూ నాకు సెలవొద్దు."

రామాయమ్మ బాగున్న చేత్తో చెంబుని తోసేసింది.

"అలగనకు. ఒకపాలి ఒదులుకుంటే మరి నీకు రాదది."

మంకుపట్టులో అత్తాకోడళ్లు ఒకరికొకరు తీసిపోరు. భవాని కొంగుతో మొహం తుడుచుకుని నాగేంద్రని కేకేసింది, ఆటో మాట్లాడమని. కుర్చీ కూడా ఎక్కించమంది.

వాళ్లు నాతవరంలో దిగేసరికి పుష్పవతి పొలం నుంచి భోజనానికి వచ్చి ఉంది. మోకాళ్ల దాకా బురద. తమ్ముడూ ఆటోవాడూ చేతులు కలిపి అమ్మని మోసుకురావడం చూసి బెదిరిపోయింది. కంగారేమీ లేదని తెలిశాక కోపం వచ్చింది.

"ఊడుపుల్లో ఇదేటి పని మరదలా? నెల తిరిగేసరికి జీతం ఇత్తన్నాను గదా!"

భవాని నోరు తెరిచేలోగా రామాయమ్మ అందుకుంది.

"అది ఆరు రోజులకే పుష్పా. ఏడో రోజు నాను నీ పాలు. ముందు నీళ్లియ్యి, గొంతెండిపోతన్నాది."

పుష్పవతి చెంబుతో నీళ్లు తెచ్చింది. రామాయమ్మ గుక్క తిప్పుకోకుండా తాగింది. ఇంకో చెంబు అడిగింది. గెడ్డం మీదుగా కారి చీర తడిసినా చెంబు దించలేదు. నిన్న సాయంత్రం నుంచి నీళ్లు ముట్టలేదని నాగేంద్ర చెబితే, పుష్పవతి ఆ తాగే తల్లినే చూస్తూ నిలబడింది. ఊడుపుల మాట మళ్లీ ఎత్తలేదు.

"నాను పొద్దుగూకినాక వత్తానత్తా," అంది భవాని.

"బేగి రాకు," అంది రామాయమ్మ.

భవాని వాకిలి దాటిందో లేదో లోపల్నుంచి కేక వినబడింది.

"ఓలమ్మా, లెగదియ్యవే! బేగి!"

భవాని కాళ్లు వాటంతటవే వెనక్కి తిరిగాయి. గుమ్మం దాకా వచ్చి తొంగిచూసింది. బురద కాళ్లతోనే పుష్పవతి కుర్చీ పక్కన వంగి, తల్లి నడుం చుట్టూ చేతులు వేస్తోంది. పట్టు కుదరక తడబడుతోంది. రామాయమ్మ కూతురి భుజం మీదుగా గుమ్మంలో ఉన్న కోడలిని చూసింది.

"నిన్ను కాదే," అంది. "నీకియ్యాల సెలవు."