గుడ్డ కట్టిన చక్రం

ట్రాలీని బోర్లించి, మోకాలితో అదిమిపట్టి, ముందు చక్రానికి చుట్టుకున్న వెంట్రుకలను స్క్రూడ్రైవర్ మొనతో లాగుతున్నాడతను. ప్రయాణికులు ఆకాశంలో ఎగిరినా వాళ్ళ జుట్టంతా ఇక్కడే రాలిపోతుందని అతని జోకు. జుట్టు, దారాలు, చాక్లెట్ కాగితాలు, ఒకసారి చెవిపోగు కూడా దొరికింది. విమానాశ్రయంలో అందరూ అతన్ని చక్రాల బాబాయ్ అంటారు. అసలు పేరుతో పిలిచేది జీతాల గుమాస్తా ఒక్కడే, అదీ తప్పుగా.

సామాను బెల్టుల వెనక రేకుల షెడ్డు అతనిది. విమానం లేచినప్పుడల్లా నట్లు పోసిన డబ్బాలు గలగలమంటాయి. పొట్టి మనిషి. ఎప్పుడో ట్రాలీ కింద నలిగిన కుడి బొటనవేలి గోరు నల్లగా, మందంగా పెరిగింది. ప్యాంటుకి ఎడమ మోకాలు దగ్గర ఎప్పుడూ అతుకే.

ఈ విమానాశ్రయం ఒక ప్రైవేటు కంపెనీది. ఆ కంపెనీకి ఇలాంటివి మరికొన్ని ఉన్నాయి. పనివాళ్ళు వాటిని ఒక ఇంటి ఆడపిల్లల్లా పెద్దమ్మాయి, నడిపమ్మాయి, చిన్నమ్మాయి అని పిలుచుకుంటారు. ఇది చిన్నమ్మాయి. పెద్దమ్మాయికి కొత్త కుర్చీలొస్తే దాని పాతవి నడిపిదానికి, నడిపిదాని పాతవి దీనికి. అక్కల గౌన్లు తొడుక్కుని పెరిగిన పిల్లలాగా దీని ఒంటిమీద తనదంటూ ఏమీ లేదు. చెత్తబుట్టల మీద కూడా అక్కగారి పేరే. అన్నిచోట్లా ఒకే తివాచీ, ఒకే రంగు, ఒకే బోర్డులు ఉండాలని కంపెనీ పట్టుదల. ఒకసారి ఓ ముసలాయన విమానం దిగి చుట్టూ చూసి, బయల్దేరిన చోటికే తెచ్చి దింపారేంటని గొడవకి దిగాడు. ఆయన్ని నమ్మించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

ట్రాలీలూ అలా పైనుంచి వచ్చేవే. వాటిని పంపేది పెద్దమ్మాయి దగ్గర పనిచేసే అన్న.

అన్న అంటే తోడబుట్టినవాడు కాదు, పని నేర్పినవాడు. ఒకప్పుడు ఇద్దరూ ఈ షెడ్డులోనే ఒకే టిఫిన్ డబ్బాలో తిన్నారు. జబ్బు ఎక్కడుందో వెతుక్కోకుండా, పాడైన చక్రానికే ఒక గుడ్డపేలిక కట్టడం అన్న పెట్టిన పద్ధతి. బాగయ్యాక ఆ పేలిక విప్పెయ్యాలి. విప్పలేదంటే ఇంకా పని మిగిలి ఉన్నట్టు. తన మొదటి జీతంతో ఇతనే ఒకే తాను గుడ్డ కొని ఇద్దరికీ చొక్కాలు కుట్టించాడు. గోధుమరంగు మీద సన్నటి మెరూన్ చారలు.

ఆ తర్వాత కంపెనీ ఈ విమానాశ్రయాన్ని కొన్నది. షెడ్డుకి ఒక్కడు చాలు, రెండోవాడు పెద్దమ్మాయి దగ్గరికి రావాలంది. ఇద్దరం కుదరదని చెప్దాం అనుకున్నారు. మర్నాడు పొద్దున వచ్చేసరికి అన్న లేడు. చెప్పకుండా వెళ్ళిపోయాడు. ఆ వారమే అతను తన చారల చొక్కా చింపి గ్రీజు తుడవడానికి వాడేశాడు. అన్న వెళ్ళకపోయి ఉంటే ఇద్దరిలో ఒకరి ఉద్యోగం ఊడేదని కొన్నాళ్ళకు తెలిసింది. కోపం తగ్గింది గాని, మాట్లాడడానికి మొహం చెల్లలేదు. రేపు, ఎల్లుండి అనుకుంటూనే వెంట్రుకలు నెరిశాయి.

లారీలు మాత్రం వస్తూనే ఉన్నాయి. పాడైన చక్రానికి అంటించమని కంపెనీ స్టిక్కర్లు పెట్టింది. అన్న స్టిక్కర్లూ అంటించాడు, పేలికలూ కట్టాడు. నీలం గళ్ళు, తెల్ల లాల్చీ, ఊదారంగు లుంగీ. అన్న ఒంటిమీద ఏ బట్ట పాతబడిందో ఇతనికి తెలిసిపోయేది. భార్యకి కూడా చెప్పేవాడు, "అన్న ఊదారంగు లుంగీ చిరిగినట్టుందే" అని.

ఇప్పుడు కంపెనీ ఇంకో మాట తేల్చింది. రిపేర్లన్నీ ఇక పెద్దమ్మాయి దగ్గరే. ఈ షెడ్డు మూసేస్తారు. అక్కడ అన్న కింద ఒక మనిషి కావాలి. ఇతన్నే పంపమని అన్న అడిగాడట. అవునో కాదో ఇవాళే చెప్పాలి. కాదంటే ఇంటికే.

"ఆయనే నోరు తెరిచి పిలిచారు కదా. ఇంకా బెట్టు ఎందుకు మీకు?" అంది భార్య పొద్దున, డబ్బాకి మూత బిగిస్తూ.

"ఆ ఊళ్ళో ఇల్లు దొరకాలిగా ముందు," అన్నాడు.

అది అతని భాషలో సరేనన్నట్టు. ఆవిడ నవ్వుకుంది.

చేతిలో ఉన్న ట్రాలీ ముగించి, తెల్లవారుజామున లారీ దింపిన లోడు దగ్గరికి నడిచాడు. డ్రైవరు షెడ్డు వెనక లారీ క్యాబిన్లో కాళ్ళు బయటపెట్టి నిద్రపోతున్నాడు. మొదటి ట్రాలీ తిప్పాడు. చక్రానికి కట్టిన పేలిక చూశాడు. గోధుమరంగు, మెరూన్ చారలు. రెండోదానికీ అదే. మూడోదానికీ అదే.

ఒళ్ళు మండిపోయింది. పిలిచినట్టే పిలిచి, తను పెట్టిన చొక్కాని పేలికలు చేసి మొహాన కొడతాడా? తన చొక్కాని తను ఏం చేశాడో ఆ క్షణంలో గుర్తుకు రాలేదు. మిగతా ట్రాలీలు చూడకుండా, చేతులకి గ్రీజుతోనే మేనేజరు గదికి వెళ్ళాడు.

మేనేజరు అతని కూతురి వయసు పిల్ల. "కూర్చోండి బాబాయ్," అంది.

"నేను రానని రాసుకోండమ్మా."

"ఒక్కసారి పంపితే మార్చడం నా చేతుల్లో ఉండదు. ఆలోచించుకున్నారా?"

"అయిపోయింది ఆలోచన."

ఆమె నొచ్చుకుంటూనే కంప్యూటర్లో ఏదో నొక్కింది. అతను తిరిగొచ్చి డబ్బా విప్పాడు. అన్నం సయించలేదు. డబ్బా అలాగే మూసేసి మధ్యాహ్నమంతా పాత ట్రాలీలతో కుస్తీ పట్టాడు. ఒక బోల్టు మరీ బిగించి విరగ్గొట్టాడు. అతని చేతిలో బోల్టు విరగడం ఎవరూ చూసి ఎరగరు.

ఎండ వాలుతుండగా డ్రైవరు లేచి, సీసాలో నీళ్ళతో మొహం కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ వచ్చాడు.

"పొద్దుటే చెబుదామనుకున్నా బాబాయ్, నువ్వు ఇంకా రాలేదు. అన్న పోయారు."

"ఎక్కడికి?" అన్నాడతను.

డ్రైవరు తువ్వాలు భుజాన వేసుకుని నేల చూపులు చూశాడు. "మొన్న ఈ లోడు కట్టిన రాత్రే. నిద్రలోనే. ఆయాసపడుతూ ఒక్కో పేలికా కడుతుంటే, 'స్టిక్కర్లున్నాయిగా అన్నా, ఎందుకీ శ్రమ' అన్నాను. 'మావాడు స్టిక్కర్లు చూడడురా, వాడికి గుడ్డే కనబడాలి' అన్నారు. నువ్వొస్తావని కిటికీ పక్క బల్ల ఖాళీ చేయించారు. నీకు చీకట్లో పనంటే చిరాకటగా?"

అతను తల ఊపాడు. చిరాకే. ఆ సంగతి భార్యకి కూడా ఎప్పుడూ చెప్పుకోలేదు.

డ్రైవరు అతని భుజం తట్టి, పాత ఇనుము ఎక్కించుకుని లారీ తీశాడు. అతను లోడు దగ్గరికి వెళ్ళి, పొద్దున చూడకుండా వదిలేసిన ట్రాలీలు ఒక్కొక్కటే తిప్పాడు. చివరిదానికి కట్టింది పేలిక కాదు, కాలరు. వెలుతురుకి వంచి చూశాడు. మెడ రాసుకుని ఒకవైపు చిరిగితే, దర్జీ చేత విప్పించి, తిరగేసి కుట్టించుకున్నాడు అన్న. ఆ రెండోవైపూ అరిగి దారాలు తేలాయి. అన్న ఆ చొక్కాని కోపంతో చింపలేదు. ఇక తొడుక్కోవడానికి వీల్లేక చింపాడు. ఇన్నేళ్ళూ తొడుక్కున్నాడు.

"ఎంత పని చేశానన్నా," అన్నాడు పైకే. ఏ పని సంగతో చెప్పాలంటే చాలా ఉన్నాయి.

మేనేజరు గదిలో ఇంకా దీపం ఉంది. వెళ్ళి బతిమాలితే ఆ పిల్ల పైవాళ్ళతో మాట్లాడేదేమో. కానీ ఆ ఊరు వెళ్ళి ఎవరి పక్కన కూర్చోవాలి?

మళ్ళీ మోకాలి మీద కూర్చున్నాడు. లోడులో ఒక్కో చక్రం విప్పి, తుడిచి, నూనె వేసి, తిప్పి చూసి, పేలిక విప్పి జేబులో పెట్టుకున్నాడు. జేబు ఉబ్బింది. ఆఖరి ట్రాలీ దగ్గర స్క్రూడ్రైవర్ తీశాడు. చక్రాన్ని వేలితో తిప్పితే కిర్రుమంది. పెద్ద జబ్బేమీ కాదు, రెండు నిమిషాల పని. స్క్రూడ్రైవర్ డబ్బాలో పెట్టేశాడు. చేతులు కడుక్కుని, తాళంచెవి మేకుకి తగిలించి, తలుపు దగ్గరగా వేసి ఇంటికి బయల్దేరాడు.

షెడ్డు మధ్యలో ఆ ఒక్క ట్రాలీ బోర్లా పడి ఉంది. దాని వెనక చక్రానికి, రెండువైపులా అరిగిన కాలరు ముక్క ఇంకా కట్టే ఉంది.