ఎరువు డ్రమ్ములు కడిగిన చేతులు

పాపారపట్టి చెరువులో లోతు తక్కువున్న మూల, ఊరోళ్లు వంక అనే చోట, నీళ్లు పచ్చగా చిక్కబడి వారమైంది. చేపలు చచ్చి తేలాయి. ఆ నీళ్లు తాగి రెండు మేకలు పోయాయి. తీరా పరీక్షకు వచ్చిన ఆఫీసరు గులాబీ తోట యజమాని కారులో దిగి, తూము దగ్గర లోతు నీళ్లలో సీసా ముంచాడు. ఆ తోటలోనే కూలికి పోయే పంచవర్ణానికి అనుమానం అప్పుడే పుట్టింది. ఎవరి కారెక్కితే వారి పాటే పాడాలి కదా!

"వంకలో ముంచండి సారూ" అంది.

"మీరు సబ్బుతో బట్టలుతికితే ఇట్లే అవుతుంది" అని అరవంలో కసిరాడు ఆఫీసరు.

తోట మేస్త్రి సెల్వకుమార్ ఆమె చెవి దగ్గరికొచ్చాడు. వరసకు మేనల్లుడే. "ఎరువు డ్రమ్ములు కాలవలో కడిగింది నువ్వే కదా అత్తా? నోరెత్తితే కేసు నీమీదే."

మాట నిజమే. తోటలో కొళాయికి తాళం వేసి, డ్రమ్ము శుభ్రమయ్యేదాకా ఇంటికి పోయే బండి ఎక్కనివ్వకపోతే కూలి ఆడవాళ్లు ఇంకెక్కడ కడుగుతారు? ఆ కాలవ నేరుగా వంకలో కలుస్తుంది.

సాయంత్రం వీధిలో అందరూ కూడారు. చేపలు పట్టే గోవిందసామి లేచాడు. "తోట కూలోళ్లని నమ్మేదెట్లా? ఈడ అన్న మాట తెల్లారేసరికి ఆడ ఉంటాది!"

పంచవర్ణం ముఖం మండింది. సిగ్గూ కోపమూ కలిసి పొంగాయి.

"అవును, నేనే కడిగినాను. మన చెరువుని ఈ చేతులే చంపినాయి. అయితే ఎరువు నాదా? తాళం నేనేసినానా? కడగమన్నోడు కారులో తిరగతా ఉండాడు, కడిగినోళ్లం మనలో మనం కొట్టుకుంటా ఉండాము. ఇంక కడిగేది లేదు. రేపు ఆ కాలవ మూస్తాము!"

"నేనూ కడిగినాను" అంటూ తోటి కూలి సరసమ్మ లేచింది. ఆమె వెనక మరో పదిమంది లేచారు.

మర్నాడు పొద్దున వాళ్లంతా మట్టి మూటలు పేర్చి కాలవకు అడ్డుకట్ట వేశారు. మధ్యాహ్నానికి ఎరువు నీళ్లు వెనక్కి తన్ని గులాబీ మళ్లలో నిలిచాయి. వెంటనే పోలీసు జీపు వచ్చింది. చేపలు చచ్చినప్పుడు రాని జీపు!

"ఎవరు మూసింది?" అన్నాడు ఎస్సై.

"నేనే సారూ. రాసుకోండి. కడిగిందీ నేనే, మూసిందీ నేనే. కడగమన్నోడి పేరు గూడా రాయండి."

ఎస్సై ఆ పేరు రాయలేదు. ఆమెను జీపెక్కించాడు.

"కట్ట తెంచండ్రా!" అని అరిచాడు సెల్వకుమార్.

గోవిందసామి పార అందుకున్నాడు. మట్టి ఎత్తి, కట్ట మీదే వేశాడు.