దీసా ఫాలాండర్ మొదటి గెలుపు

దీసా ఫాలాండర్ స్కీలకు పదమూడేళ్లు మైనం పూసినవాణ్ణి నేను. నా పేరు ఓస్టెన్. స్వీడన్ స్కీ క్రాస్ జట్టులో స్కీలు చూసుకోవడం నా పని.

దీసాది హర్యేదాలెన్‌లో మా పక్క ఊరే. వాళ్ల నాన్న పేరు టోర్న్యీ, మా కొండ మీద మంచు చదును చేసే యంత్రం నడిపేవాడు. పిల్ల నాలుగేళ్లకే స్కీలు కట్టుకుంది. ఇరవయ్యో ఏట, జెండా కర్రల మధ్య మెలికలు తిరుగుతూ జారే స్లాలమ్ జట్టులోంచి తీసేశారు. "మలుపుల్లో బరువుగా ఉంటావమ్మా" అన్నాడట శిక్షకుడు. ఆ బరువే స్కీ క్రాస్‌లో పనికొచ్చింది. ఇక్కడ పోటీ గడియారంతో కాదు, మనుషులతో. గేటు తెరుచుకోగానే నలుగురూ ఒక్కసారే దూకుతారు. మిట్టల మీద ఎగురుతూ, భుజాలు రాసుకుంటూ కిందికి వస్తారు. ఎవరు ముందు గీత దాటితే గెలుపు వాళ్లది.

గేటు దగ్గర దీసాను మించినవాళ్లు లేరు. కానీ ముందున్నవాళ్లు గాలిని చీల్చుకుంటూ పోవాలి. వెనకున్నవాళ్లకు ఆ చాటున ఊరికే వేగం దొరుకుతుంది. చివరి మిట్ట దాటేసరికి ఒకరి వెంట ఒకరు దీసాను దాటిపోయేవారు. తొమ్మిదిసార్లు ఫైనల్‌కు చేరితే ఆరుసార్లు నాలుగో స్థానమే. మా దేశంలో దాన్ని "పుల్లటి నాలుగు" అంటారు. పత్రికలవాళ్లు ఆ మాటను ఆమె పేరుకే తగిలించేశారు.

ముప్పై ఒకటో ఏట మోకాలు పోయింది. ఆపరేషన్ తర్వాత ఏడాదిపాటు మంచు మొహం చూడలేదు. "ఇంక చాలు దీసా" అన్నారు అందరూ. నేనూ అన్నాను. "నువ్వు కూడానా ఓస్టెన్?" అంది. రెండు వారాలు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత మళ్లీ స్కీలు కట్టుకుంది.

ముప్పై మూడో ఏట జనవరిలో, మా కొండ మీదే ప్రపంచ కప్ పోటీ పెట్టారు. ఆ ఉదయం జట్టులో కొత్తగా చేరిన తిండ్రా అనే ఇరవై ఒక్కేళ్ల పిల్ల దీసాకు ఎదురొచ్చింది.

"ఏం ఆంటీ, మోకాలు నిద్ర లేచిందా?"

"లేచింది. నువ్వు పళ్లు తోముకున్నావా పాపా? ఓడినవాళ్లకు కూడా ఫొటోలు తీస్తారు."

సెమీఫైనల్‌లో దీసా మళ్లీ పాత కథే నడిపించింది. పైనుంచి అందరికన్నా ముందు వచ్చింది. చివర్లో కెనడా అమ్మాయి దాటేసింది, ఇంకో అమ్మాయి పక్కకు వచ్చేసింది. మొదటి ఇద్దరికే ఫైనల్. ఫొటో చూసి తేల్చడానికి నాలుగు నిమిషాలు పట్టింది. జానెడు తేడాతో దీసాది రెండో స్థానం.

స్కీలు పట్టుకుని, నేను మైనం పూసే డేరాలోకి వచ్చింది.

"తప్పు మైనానిది కాదు కదా?"

"కాదు."

"నాదే అని నోటితో అను."

"నీదే. గేటు తెరిస్తే చాలు, కుక్కలు తరిమినట్టు పోతావు. నీ వెనకవాళ్లు హాయిగా ముచ్చట్లు చెప్పుకుంటూ వచ్చి చివర్లో దాటేస్తారు."

కోపం వస్తుందనుకున్నాను. ఫ్లాస్కులోంచి వేడి బ్లూబెర్రీ పళ్ల సూప్ ఒంపుకుని నెమ్మదిగా తాగింది.

"అయితే ఈసారి నేనే వెనక ఉంటా."

"నువ్వా? కాఫీ కోసం వరసలో నిలబడ్డా ముందువాడి మడమ తొక్కుతావు!"

"ఇవాళ తొక్కను."

"మరి దాటడానికి సందు దొరక్కపోతే?"

"ఏముంది, నాలుగోది నాకు అలవాటేగా!" అని పకపకా నవ్వింది. ఆ మాట మీద ఆమె తనే జోకు వేసుకోవడం పదమూడేళ్లలో అదే మొదటిసారి.

నేను కిందికి వెళ్లి, గీత దగ్గర టోర్న్యీ పక్కన నిలబడ్డాను. ఫైనల్‌లో దీసా, తిండ్రా, కెనడా అమ్మాయి, ఒక స్విస్ అమ్మాయి. గేటు తెరుచుకుంది. ఎప్పటిలాగే దీసా ముందు దూకింది. రెండో మిట్ట దగ్గర నడుము ఎత్తి, ఛాతీని గాలికి అడ్డం పెట్టింది. ముగ్గురూ ఆమెను దాటేశారు. జనం ఉసూరుమన్నారు.

"పడిపోతోందా ఏంటి?" అన్నాడు టోర్న్యీ.

"కాదు. కావాలనే ఆగింది."

"ఆగడమేంటయ్యా, పోటీలో!"

పెద్ద మలుపులో స్విస్ అమ్మాయి లోపలికి దూరబోయి, అదుపు తప్పి వల దాకా జారిపోయింది. దెబ్బలేం తగల్లేదు. ముందు కెనడా అమ్మాయి, తిండ్రా భుజం భుజం కలిపి కొట్లాడుతున్నారు. వాళ్లిద్దరి గాలి చాటున దీసా పిల్లిలా వస్తోంది. చివరి మిట్ట మీద వాళ్లిద్దరూ గాల్లోకి ఎత్తుగా లేచారు. దీసా మోకాళ్లు మడిచి, మంచును వదలకుండా మిట్టను అణుచుకుంటూ దాటింది. ఆపరేషన్ అయిన ఆ మోకాలితోనే! వాళ్లు నేల మీద వాలేలోపు ఎడమ పక్క నుంచి బాణంలా దూసుకొచ్చింది. ఫొటోతో పని లేకుండా పోయింది. స్కీ పొడవంత తేడాతో గెలిచింది. తిండ్రాది రెండో స్థానం.

"మీ అమ్మాయి గెలిచింది!" అని టోర్న్యీ చెవిలో అరిచాను. మా వైపు అవుననడానికి మాట అక్కర్లేదు, గాలి లోపలికి పీలిస్తే చాలు. అతను మూడుసార్లు పీల్చాడు. మూడోసారి ఏడుపు కలిసింది.

తిండ్రా పరుగున వచ్చి దీసాను వాటేసుకుంది. "ఆంటీ, మా వెనక దాక్కుని వస్తావా? సిగ్గు లేదూ?"

"పదమూడేళ్లు మీరంతా నా వెనక దాక్కోలేదూ?"

ఆ శీతకాలంలో దీసా ఇంకో మూడు పోటీలు గెలిచింది. నాకు మాత్రం ఆ మధ్యాహ్నమే కళ్లకు కట్టినట్టుంటుంది. అందరికన్నా ఎత్తు మెట్టు మీద ఎటు తిరిగి నిలబడాలో ఆమెకు తెలియలేదు. తిండ్రానే ఆమె భుజం పట్టి జెండా వైపు తిప్పింది. జాతీయ గీతం మొదలైంది. దీసా రాగం తప్పుతూ, కొండంతా వినబడేలా పాడింది.